బిళ్ళ తిప్పని పొద్దు

బిళ్ళ తిప్పలేదు. తిప్పదు కూడా. తలుపుకి బయటివైపు, కంటి ఎత్తున కొట్టిన మేకుకి అరచేతంత చెక్కబిళ్ళ వేలాడుతోంది. రాత్రి పడుకోబోయే ముందు నీలం వైపు పెట్టి వచ్చింది, చంద్రవంక బొమ్మ ఉన్న వైపు. పొద్దున లేచాక తలుపు తీసి దాన్ని పసుప్పచ్చ వైపుకి, సూర్యుడి బొమ్మకి తిప్పాలి. సరిగ్గా పది గంటలకి సూపర్‌వైజరమ్మ తాళాలగుత్తి గలగలలాడించుకుంటూ నడవా వెంట వస్తుంది. పసుపు కనబడ్డ తలుపుని దాటుకుంటూ పోతుంది, నీలం కనబడ్డ తలుపుని మూడుసార్లు కొడుతుంది, పలక్కపోతే తన దగ్గరున్న తాళంచెవితో తీసి లోపలికి వస్తుంది. ఇదీ ఈ ఇంట్లో పద్ధతి. ఒంటరి పెద్దవాళ్ళు ఎవరి గదిలో వాళ్ళు వండుకుని, ఎవరి గిన్నె వాళ్ళు కడుక్కుని, కాలో చెయ్యో మొరాయించినప్పుడు మాత్రం మనిషిని పిలుచుకునే ఇల్లు. ఆస్పత్రి కాదమ్మా, ఆశ్రమం అసలే కాదు, అని కూతురు వందసార్లు చెప్పింది. ఒకసారి చెప్పి ఊరుకుంటే నమ్మేదేమో. వందసార్లు చెప్పాల్సి వచ్చిందంటే అందులో ఏదో ఉండే ఉంటుంది. ఇప్పుడు తొమ్మిది. ఆమె తలుపుకెదురుగా కుర్చీ వేసుకుని, కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, ఒళ్ళో కాగితాలు మడిచే ఎముక బద్ద పెట్టుకుని కూర్చుంది. కొళాయి విప్పలేదు, టీ పెట్టుకోలేదు, గొంతు సవరించుకోలేదు. ఇవాళ్టితో ముప్పై రోజులు నిండాయి. పదిన్నరకి కూతురు కాగితం పట్టుకుని వస్తుంది. సంతకం పెడితే ఈ గది ఆమె ఉన్నన్నాళ్ళూ ఆమెది, పెట్టకపోతే రేపే ఇంకొకరిది. పెట్టే ముందు ఒక్కటి తేల్చుకోవాలి. నేను లేవని రోజున ఎవరైనా వస్తారా, రారా? అడిగితే అందరూ వస్తామనే అంటారు. అడక్కుండా తేలాలి.

వచ్చేవాళ్ళు ఏ పని మీద వస్తున్నారన్నది ఇంకో సంగతి. మొదటి వారంలోనే రెండుసార్లు అయింది. పళ్ళు తోముకుని, కొళాయి కట్టేసి, తడిచెయ్యి చీరకి తుడుచుకుంటూ తలుపు తీసేసరికి బిళ్ళ అప్పటికే పసుపు వైపుంది. తను లేచిందని తనకంటే ముందే ఊరందరికీ చాటిందెవరు? చాటితే ఎవరికేం లాభం? సూర్యుడి బొమ్మ కనబడితే సూపర్‌వైజరమ్మ లోపలికి రాదు. ఆవిడ రాకపోతే లోపలున్న మనిషి... అక్కడితో ఆ ఆలోచనని మడిచి పక్కన పెట్టేసింది, కానీ ఆ రాత్రినించే లోపలి గడియ పెట్టుకోవడం మొదలుపెట్టింది. గడియ మాత్రం పెట్టుకోకండి పెద్దమ్మా, పెడితే బయటినించి నా తాళంచెవి పనిచేయదు, అని వచ్చిన రోజే చెప్పింది సూపర్‌వైజరమ్మ. పనిచేయకూడదనే కదా పెట్టుకునేది. ఆ పిల్ల మంచిదే కావచ్చు, నడుస్తూ మాట్లాడుతుంది, నిలబడి మాట్లాడదు. దాని చేతిలో ఎప్పుడూ ఓ రిజిస్టరు. పదింటికి ఎవరి బిళ్ళన్నా నీలంగా దొరికితే అందులో గుర్తు పెడుతుంది. నెలలో మూడు గుర్తులు పడ్డాయంటే పై అంతస్తు మాట వస్తుంది. పై అంతస్తులో తలుపులకి గడియలుండవట. స్నానం కూడా వేరేవాళ్ళే చేయిస్తారట. ఆమె ఒకసారి లిఫ్టులో పొరపాటున పైకి వెళ్ళింది, తలుపులు తెరుచుకున్నాయి, సబ్బు వాసన ముఖాన కొట్టింది, ఒక ముసలాయన చక్రాలకుర్చీలో కూర్చుని ఆమెకేసి చూసి, వచ్చావా, అన్నాడు. ఎవరనుకున్నాడో. కిందకి దిగే బొత్తాం నొక్కినా తలుపులు వెంటనే మూసుకోలేదు.

చప్పుడు. కాదు, లిఫ్టు. లిఫ్టు ఆగినప్పుడల్లా నడవా చివర కిటికీ అద్దం చిన్నగా వణుకుతుంది. ఇంకా తొమ్మిదీ పదే అయింది. ఆ మనిషి తొమ్మిదీ పావుకి వస్తుంది, ఎడమకాలి చెప్పు ఈడ్చుకుంటూ. రోజూ అంతే, వచ్చి ఈ తలుపు ముందు ఆగుతుంది, తలుపు కింద సందులో వెలుతురుకి రెండు నల్లమచ్చలు అడ్డం పడతాయి, కాసేపుంటాయి, పోతాయి. ఎవరా అని ఒకరోజు చటుక్కున గడియ తీసి తలుపు లాగింది. ఎదురుగా కండక్టరమ్మ, చెవి చెక్కకి ఆనించినంత పని చేసి నిలబడి ఉంది! ఎదురు గది మనిషి. ముప్పై ఏళ్ళు సిటీ బస్సులో కండక్టరు. వెనక తలుపు దగ్గర అరిస్తే డ్రైవరు చెవి గింగుర్లెత్తేదట, ఆ గొంతు ఇప్పటికీ ఆవగింజంత తగ్గలేదు. దొరికిపోయిన మనిషి తల దించుకోవాలి కదా, నవ్వింది. "ఏం వదినా, స్టాపొచ్చింది, దిగుతావా?" అని, చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయింది. దొరికిపోయినప్పుడు నవ్వేవాళ్ళని ఆమె ఎప్పుడూ నమ్మలేదు. అంతకుముందే, వచ్చిన మూడోరోజో ఏమో, గదిలో అడుగుపెట్టి చుట్టూ చూసి, మడతలు పెట్టిన తువాళ్ళు, మడతలు పెట్టిన పాత పేపర్లు, ఆఖరికి బిస్కట్ల కాగితం కూడా నాలుగు మడతలు పెట్టి ఉండటం, తను ఊసుపోక కుర్చీ చేతి మీద టక్ టక్ మని బద్ద కొట్టడం చూసి, "ఓహో, మడతలమ్మవా!" అంది. పేరు పెట్టేసింది, అడగా పెట్టకుండా. ఆ నోటితోనే, "పొద్దున్నే రేడియో పెట్టకు వదినా," అని కూడా అంది. ఎందుకు, నీకు నిద్ర చెడుతుందా అంటే, "నిద్రా? నాలుగింటికే డిపోలో ఉన్నదాన్ని నేను. పెట్టకు, అంతే," అని ముఖం అటు తిప్పుకుంది. ఎవరి గదిలో ఎవరి పెత్తనం? ఒళ్ళు మండి మర్నాడు కావాలనే పెట్టింది. కండక్టరమ్మ వచ్చి తలుపు దబదబా బాది, తను ముఖం చూపించాక, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. రేడియోకి ముఖం పాలిపోతుందా?

అన్నీ ఇలాగే, మధ్యలో ఫారం లేని పుస్తకంలా. ఫారం అంటే ఇటు ఎనిమిదీ అటు ఎనిమిదీ పదహారు పేజీలు అచ్చయిన పెద్ద కాగితం. ముప్పై నాలుగేళ్ళు బైండింగు షాపులో ఆమె పని అదే, కాగితం పరచడం, బద్దతో గీయడం, మడవడం, మళ్ళీ గీయడం, మళ్ళీ మడవడం. బడి ముఖం చూడలేదు. ముందు పేజీల కింద అంకెలు పోల్చుకుంది, తర్వాత అంకెల పక్కనున్న అక్షరాలు, తర్వాత మాటలు. మేస్త్రీ అటు తిరగ్గానే ఒక వాక్యం, ఇటు తిరిగేలోపు ఇంకొకటి. కానీ ఆమె బల్ల మీదికి వచ్చేది ఒక్క ఫారమే. ఆరో ఫారం పక్కావిడది, ఏడోది ఎదుటావిడది. ఒక కథలో ఒక ఆడమనిషి చేతిలో ఉత్తరంతో తలుపు ముందు నిలబడి ఉంటుంది, లోపల ఎవరో ఉన్నారు, తలుపు కొట్టాలా వద్దా అని చెయ్యెత్తుతుంది, అక్కడ ఐదో ఫారం అయిపోయింది. ఆరోది ఎలాగైనా చూద్దామనుకునేలోపు కట్టలు కట్టి కుట్టుకి పంపేశారు. ఆ చెయ్యి నలభై ఏళ్ళుగా అలా గాల్లోనే ఉండిపోయింది. అప్పటినించీ ఏది చూసినా, దీని ముందేముంది, దీని తర్వాతది ఎవరి బల్ల మీద ఉంది, నాకెందుకు ఇవ్వలేదు అని వెతుక్కోవడం అలవాటైపోయింది. ఈ గదే చూడు. తలుపు పాతది, రంగు పెచ్చులూడుతోంది, తాళం మాత్రం తళతళలాడే కొత్తది, గడియా కొత్తదే, చుట్టూ చెక్క చీలితే మైనం లాంటిదేదో నింపి పైన రంగేశారు. ముందున్నావిడ ఏమైంది అంటే, "వెళ్ళిపోయారు," అంది సూపర్‌వైజరమ్మ, నడుస్తూనే. ఎక్కడికి? తాళం ఎందుకు మార్చారు? "పాతది పాడైంది పెద్దమ్మా." పాడైన తాళానికి చెక్క చీలుతుందా? కండక్టరమ్మని అడిగితే, ఆ నోటికి మొదటిసారి తాళం పడింది.

అదిగో. చెప్పు ఈడుస్తున్న చప్పుడు. ఆమె ఊపిరి బిగబట్టింది. సర్, సర్, సర్, ఆగింది. రెండు నల్లమచ్చలు. ఇప్పుడు టక్కుమని బిళ్ళ తిరిగిన చప్పుడవుతుంది చూడు, అప్పుడు తేలిపోతుంది: లోపల మనిషి ఉన్నా పోయినా వీళ్ళకి పసుపు కనబడితే చాలు. అప్పుడు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కూతురి చేతిలో పెట్టేయొచ్చు. టక్కుమనలేదు. నల్లమచ్చలు కదల్లేదు. తలుపుకి అటు ఒక ఊపిరి, ఇటు ఒక ఊపిరి, మధ్యలో బొటనవేలంత చెక్క. గోడ గడియారంలో ముల్లు పాకుతోంది. ఏం వింటోంది? దేనికోసం? చివరికి సర్, సర్ మని అటు వెళ్ళిపోయింది. బిళ్ళ తిప్పలేదు. ఎందుకు తిప్పలేదు? తిప్పితే ఒక బాధ, తిప్పకపోతే ఇంకో బాధ. మనసు ఇంత కుదురులేనిదేమిటి అని తనని తనే తిట్టుకుంది.

తలుపుకి ఇటువైపు ఉండటం ఆమెకి కొత్త. ఎప్పుడూ అటువైపే ఉంది. అమ్మ పోయినప్పుడు షాపులో ఉంది. పాఠ్యపుస్తకాల కాలం, రెండు పూటలా పని, ఒక్క కట్ట అయ్యాక వెళదామనుకుంది, కట్ట అయ్యేసరికి గేటు దగ్గర పెదనాన్న కొడుకు నిలబడి ఉన్నాడు, చెప్పులు లేకుండా. ఆయన పోయినప్పుడు ఆస్పత్రిలోనే ఉంది, తొమ్మిది రోజులు ఆ మంచం పక్కనే, కంటిమీద కునుకు లేకుండా. తొమ్మిదోరోజు నర్సు, ఈ మందు కింద తెచ్చుకోండి, అంది. ఆయన కూడా, వెళ్ళిరా, నేనెక్కడికి పోతాను, అన్నాడు. లిఫ్టు రాలేదు, మెట్లు దిగింది, వరసలో నిలబడింది, మెట్లెక్కి వచ్చేసరికి మంచం చుట్టూ ఆకుపచ్చ తెర లాగి ఉంది. ఎక్కడికీ పోనన్నవాడు. ఒక్కోసారి అనిపిస్తుంది, వీళ్ళంతా తను పక్కకి వెళ్ళేదాకా కాచుకుని కూర్చున్నారేమోనని. తన ముందు పోవడం ఇష్టం లేక. లేకపోతే ప్రతిసారీ అలాగే ఎందుకవుతుంది? కూతురు కూడా అంతే. ఈ గదిలో సామాను సర్దింది, పక్క వేసింది, మందుల డబ్బా మీద వారాల పేర్లు రాసింది, "కారులో నీ దుప్పటి ఉండిపోయిందమ్మా, తెస్తాను," అని వెళ్ళింది. దుప్పటి సూపర్‌వైజరమ్మ చేత పంపింది. తను వెళ్ళిపోయింది. ఏడుపొచ్చి పైకి రాలేకపోయానని తర్వాత ఫోనులో చెప్పింది. అయ్యుండొచ్చు. కళ్ళజోళ్ళ దుకాణంలో పని దానిది, రోజంతా ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసే మనిషి, అమ్మ కళ్ళలోకి ఒక్క నిమిషం చూళ్ళేకపోయింది. మూడో అంతస్తులో ఇల్లు, లిఫ్టు లేదు, మెట్ల మీద పడి తుంటి చిట్లింది తనకే, అక్కడ ఉండలేనన్నదీ తనే. ఇందులో దాని తప్పేమీ లేదు. లేదు కానీ, మొన్న మనవరాలు ఫోనులో, "అమ్మమ్మా, నీ మంచం ఉన్నచోట నాకు చదువుకోడానికి బల్ల వేశారు, కిటికీ వెలుతురు భలే పడుతోంది," అంది సంబరంగా. సంతకం ఇంకా పెట్టనే లేదు. బల్ల ముందే వచ్చేసింది.

సర్, సర్. మళ్ళీ వచ్చింది. తొమ్మిదిన్నర. ఈసారి మచ్చలు తలుపుకి మరీ దగ్గరగా పడ్డాయి. "వదినా." అది కండక్టరమ్మ గొంతేనా? బస్సు ఈ చివరినించి ఆ చివరికి వినబడే గొంతు గుసగుసలాడుతోంది. "వదినా, లేచావా?" పలకాలని నాలుక దాకా వచ్చింది. పలికితే ఏం తేలుతుంది? ఈ గుసగుస ఏమిటి, చాటుమాటు వ్యవహారం? నిజంగా కంగారుంటే గట్టిగా కొట్టదా, ఆరోజు రేడియోకి బాదినట్టు బాదదా? ఎవరికీ వినబడకుండా పిలుస్తోందంటే ఎవరికీ తెలియకూడనిది ఏదో ఉంది. ఆమె బద్దని గుప్పిట్లో బిగించింది. అటువైపు గోరుతో చెక్క మీద గీకిన చప్పుడు, చిన్నది, పిల్లి గీకినంత. "ఒక్కసారి దగ్గు వదినా. చాలు." దగ్గమంటుందేమిటి ఈ మనిషి! ఆమె దగ్గలేదు. నల్లమచ్చలు తొలిగాయి, చెప్పు ఈడ్పు ఈసారి తొందర తొందరగా, దాదాపు పరుగులా, నడవా చివరికి వెళ్ళి మాయమైంది.

పోయింది. చూశావా, పోయింది. తొమ్మిదీ ముప్పై నాలుగు. వచ్చినట్టే వచ్చి, పలక్కపోతే సరిపెట్టుకుని పోయింది. తేలాల్సింది తేలిపోయింది కదా, మరి సంతోషంగా లేదేం? నా అనుమానమే నిజమైంది అని చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు. లేచి టీ అన్నా పెట్టుకుందామని కాలు కదిపింది, కాలు రాలేదు. అప్పట్నించీ ముడుచుకుని కూర్చున్న కాలు. చిట్లిన తుంటి వైపుది. మొద్దులా, తనది కానట్టు ఉండిపోయింది. చేత్తో పొడిచి చూసింది, ఏమీ తెలియలేదు. కుర్చీ చేతుల మీద బరువు మోపి లేవబోయి, మోకాలు మడతపడి మళ్ళీ కూలబడింది. సరే, తిమ్మిరి, తగ్గుతుంది. తగ్గకపోతే? బిళ్ళ బయట నీలంగా ఉంది, గడియ లోపల బిగించి ఉంది, గడియ వేసిన చెయ్యి తనదే. అప్పుడు మొదటిసారి ఆమె ఆ తలుపుని లోపలినించి సరిగ్గా చూసింది, మైనం నింపిన ఆ చీలికని, కొత్త మేకుల్ని. ఈ చెక్క తాళం పాడై చీలలేదు. దీన్ని ఎవరో బయటినించి కొట్టారు.

రెండు జతల అడుగులు. తాళాల గలగల.

"ఇంకా పది కాలేదు కదమ్మా, పావుగంటుంది. పడుకునుంటారు," అంటోంది సూపర్‌వైజరమ్మ.

"పడుకునే మనిషి కాదే. తొమ్మిదింటికల్లా కొళాయి విప్పుతుంది. తర్వాత రెండుసార్లు దగ్గుతుంది. తర్వాత కుర్చీ జరుపుతుంది. నెల రోజుల్నించీ వింటున్నా, ఒక్కరోజు తప్పలేదు. ఇవాళ ఏదీ లేదు. తాళం తియ్యి."

"మీరెందుకు వింటున్నారు? ఎవరి తలుపు దగ్గరా నిలబడొద్దని చెప్పానా, లేదా?"

కండక్టరమ్మ చెప్పు నేల మీద ఒకసారి ఇటూ అటూ ఈడ్చింది.

"ఆవిడ బిళ్ళ తిప్పింది నేను," అంది చివరికి.

"ఎవరి బిళ్ళ?"

"ఇంతకుముందు ఈ గదిలో ఉన్నావిడ. మాత్రలేసుకుని పడుకుంటే లేవలేకపోయేది. నువ్వు రెండు గుర్తులు పెట్టావు రిజిస్టర్లో, మూడోది పడితే పైకి పంపించేస్తారని ఒకటే ఏడుపు. ఏడవకే, టికెట్టు కొట్టినట్టు నేను కొట్టేస్తాలే అన్నాను. రోజూ రాత్రి నీలానికీ, పొద్దున పసుపుకీ నేనే తిప్పేదాన్ని. ఆరోజు లోపల రేడియో మోగుతోంది. లేచిందిలే అనుకుని తిప్పేశాను. మర్నాడూ మోగుతోంది, మర్నాడూ తిప్పేశాను. మంచం పక్కన పడి ఉందే, రెండు రోజులు. మొదటిరోజే తలుపు తీసుంటే దక్కేదని డాక్టరన్నాడని నువ్వే వచ్చి చెప్పావు నాకు. నీ ముఖం చూస్తూ విన్నాను."

తాళాలు కింద పడ్డాయి. సూపర్‌వైజరమ్మ వాటిని వెంటనే తీసుకున్న చప్పుడు కాలేదు. "మీరా?" అంది ఆ పిల్ల, ఎక్కడో లోతునించి. "నేను చూశాను, పసుపే చూశాను. కానీ చచ్చిపోయిన మనిషి బిళ్ళెలా తిప్పుతుంది? నాదే పొరపాటు, నీలమే ఉండుంటుంది, నేనే సరిగ్గా చూడకుండా దాటిపోయుంటాను అనుకున్నాను. ఏడాదిగా అదే అనుకుంటున్నానమ్మా నేను. కళ్ళ పరీక్ష కూడా చేయించుకున్నాను."

"తెలుసు," అంది కండక్టరమ్మ. "అయినా చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. ఈవిడదీ మొదటి వారం రెండుసార్లు తిప్పాను, పాత అలవాటు, కొళాయి చప్పుడు విన్నాకే. తర్వాత నన్నేం చేస్తావో చేసుకో, ముందు తాళం తియ్యవే తల్లీ."

ఆరో ఫారం. ఇన్నేళ్ళకి ఆరో ఫారం ఆమె బల్ల మీదికి వచ్చింది, తలుపు అటువైపు నించి, ఎవరో పైకి చదివి వినిపిస్తున్నట్టు, కొత్త తాళం, చీలిన చెక్క, రేడియో, పాలిపోయిన ముఖం, అన్ని పేజీలూ అంకెల ప్రకారం సర్దుకుని. కింద పడ్డ తాళాలు గలగలమని పైకి లేచాయి, తాళంచెవి లోపలికి దూరింది, తిరిగింది, తలుపు కదిలింది, గడియ దగ్గర ఆగిపోయింది. "గడియ!" అని కండక్టరమ్మ పెట్టిన కేక మనిషి కేకలా లేదు. "మళ్ళీ గడియే! ఇదే తలుపు, మళ్ళీ అదే!" ఎవరో భుజంతో తోస్తున్నారు. వస్తున్నాను, ఉన్నాను, అందామని ఆమె నోరు తెరిచింది. రాత్రినించి ఒక్క గుక్క నీళ్ళు తాగని గొంతు, ఒక్క మాట మాట్లాడని గొంతు. గాలి తప్ప ఏమీ రాలేదు. కాలు చూస్తే మొద్దు. తలుపు ఆరడుగుల దూరం. అటువైపు ఒక మనిషి తన కోసం ఏడుస్తోంది. ఇన్నాళ్ళూ తలుపుకి అటువైపు నిలబడి తను ఏడ్చిన ఏడుపు లోపలివాళ్ళకి ఇలా వినబడేదా? ఆకుపచ్చ తెర వెనక ఆయనకి వినబడిందా తన అడుగుల చప్పుడు? పలకాలనుకుని, గాలి తప్ప రాక... ఆమె గుప్పిట విప్పింది. బద్ద. ముప్పై నాలుగేళ్ళ అరుగుడుకి అద్దంలా నునుపు తేలిన ఎముక బద్ద. కుర్చీ చేతి మీద కొట్టింది. టక్. గట్టిగా. టక్, టక్.

తోయడం ఆగింది.

"ఉండు ఉండు ఉండు. అది బద్ద! బద్ద చప్పుడే అది! బతికే ఉంది మహాతల్లి!"

ఆ తర్వాత గోడ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ, సర్, సర్ మని ఆమె తలుపు దాకా వెళ్ళడానికి ఎంతసేపు పట్టిందో, ఆ కాసేపూ బయటినించి బస్సు నడిపించినట్టే నడిపించింది కండక్టరమ్మ, "నెమ్మది, నెమ్మది, తొందరేం లేదు, పట్టుకుని రా, మేమెక్కడికీ పోంలే," అంటూ. ఎక్కడికీ పోంలే. గడియ తీసింది. కండక్టరమ్మ జుట్టంతా రేగి ఉంది, కళ్ళు, ముక్కు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, భుజం పట్టుకుని నిలబడి ఉంది. పైనించి కిందకి ఓసారి చూసింది.

"పడ్డావా?"

"లేదు." గొంతు బొంగురుగా వచ్చింది.

"గుండె నొప్పా?"

"లేదు."

"మరి?"

అబద్ధం చెప్పొచ్చు. నిద్ర పట్టేసిందంటే సరిపోయేది. "చూద్దామని," అంది ఆమె.

"ఏం చూద్దామని?"

"ఎవరైనా వస్తారేమోనని."

తిడుతుందనుకుంది. తిట్టాలని కూడా కోరుకుంది. నడవా అంతా మోగేలా, నీ మడతలు పాడుగాను అని. "వచ్చాను కదా," అంది కండక్టరమ్మ, అతి చిన్నగా. తిరిగి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. సూపర్‌వైజరమ్మ తలుపుకి వేలాడుతున్న తాళాలగుత్తి లాగి తీసుకుంది. రిజిస్టరు చంకలోనే ఉంది, తెరవలేదు. ఎదురు తలుపుకేసి చూసింది, ఈమెకేసి చూసింది, "ఇకనించి ఎవరి బిళ్ళ వాళ్ళే తిప్పుకోవాలి," అంది, ఎవరికి చెబుతున్నట్టో తెలియకుండా. నడుస్తూ మాట్లాడే పిల్ల, నాలుగడుగులు వేసి, కిటికీ దగ్గర ఆగిపోయి, వెనక్కి తిరగకుండా కొంగుతో ముఖం తుడుచుకుని, అప్పుడు వెళ్ళింది.

పది కొట్టింది. ఆమె బిళ్ళ తిప్పింది, టక్కుమని, పసుపు వైపుకి. నడవాలో ఇంకెవరూ లేరు. కాలికి రక్తం పారి చీమలు పాకినట్టు జివ్వుమంటోంది. లోపలికి వెళ్ళి నీళ్ళు తాగొచ్చు, టీ పెట్టుకోవచ్చు, పదిన్నరకి కూతురొచ్చేసరికి జుట్టు దువ్వుకుని కూర్చోవచ్చు. ఎదురు తలుపు మూసే ఉంది. చప్పుడు లేదు. పొద్దస్తమానం గిన్నె పడేస్తూనో, తనలో తను స్టాపుల పేర్లు చదువుకుంటూనో ఉండే గది. ఏం చేస్తోంది లోపల? కూర్చుందా? పడుకుందా? గడియ పెట్టుకుందా? ఆ మనిషి గడియ పెట్టుకున్నట్టు వినబడలేదు, కానీ తన చెవుల్ని తను నమ్మలేదు. ఈ నిశ్శబ్దం నిజం నిశ్శబ్దమా, లేక తనలాగే కుర్చీ వేసుకుని, కాళ్ళు ముడుచుకుని, ఎవరొస్తారో చూద్దామని పంతం పట్టి కూర్చుందా? కూర్చోగలదు, ఆ మనిషికి అంత మొండితనం ఉంది. కూర్చోలేదేమో కూడా. ఇంత పరుగు, ఇంత ఏడుపు, ఏడాదిపాటు మింగిన మాట కక్కేసిన మనిషి. బీపీ మాత్రలు పూటకి రెండేసుకుంటుంది. ఆమె నడవా దాటింది. నాలుగే అడుగులు. చెక్కకి చెవి ఆనించింది. చెక్క చల్లగా ఉంది. ఊపిరి బిగబట్టింది. ఏమీ లేదు. తన రక్తం తన చెవిలో కొట్టుకోవడం తప్ప ఏమీ లేదు. వదినా అని పిలవొచ్చు. పిలిస్తే పలక్కపోవచ్చు, కోపంతో. పలక్కపోతే ఏది కోపమో ఏది కాదో ఎలా తెలుస్తుంది? వింటే తప్ప తెలియదు. ఒక దగ్గు. ఒక్క దగ్గు చాలు.

లిఫ్టు ఆగింది, కిటికీ అద్దం వణికింది. కూతురు ముందే వచ్చేసింది, చేతిలో ప్లాస్టిక్ కవరులో కాగితం, కళ్ళజోడు నెత్తి మీదికి తోసుకుని, మెట్లెక్కకపోయినా ఆయాసపడుతూ. తల్లిని చూసి సగంలో ఆగిపోయింది.

"అమ్మా? ఎవరి తలుపు దగ్గర నిలబడ్డావు? ఏం చేస్తున్నావక్కడ?"

ఆమె చెవి తియ్యలేదు. ఒక చేత్తో ఊరుకోమన్నట్టు సైగ చేసింది.

"ఎవరైనా చూస్తే ఏమనుకుంటారమ్మా, రా ఇటు. కాగితం తెచ్చాను. ఆలోచించుకున్నావా? నీకు ఇష్టం లేకపోతే..."

"బల్ల మీద పెట్టు, పెడతాలే సంతకం," అంది ఆమె గుసగుసగా. "అరవకు ముందు. ఈవిడింకా కొళాయి విప్పలేదు."